ముందు నీటికి దారి

కొండగెడ్డలో వరి మడులు కట్టి వాననీటిని మెల్లగా కిందికి దించడం సెమిలిగుడ చుట్టుపక్కల రైతులకు తరతరాలుగా వచ్చిన విద్య. పెద్ద పెద్ద నగరాలు ఇప్పుడు వెతుక్కుంటున్నది ఆ విద్య కోసమే. ఆ మడుల పక్కనే పెరుగుతున్న పట్టణానికి దాన్ని నిలబెట్టుకునే వ్యవధి ఇంకా ఉంది.

సాలూరు దాటి ఘాట్ ఎక్కి, సుంకి, పొట్టంగి మీదుగా కోరాపుట్ వైపు వెళ్తుంటే తగిలే పట్టణం సెమిలిగుడ. ఉత్తరాంధ్ర వాళ్లకు కొత్త ఊరేమీ కాదు. 26వ నంబరు జాతీయ రహదారి ఈ ఊరి మీదుగానే పోతుంది. దగ్గర్లోని కుందులి సంతలో కొన్న అల్లం, కూరగాయలు లారీలకెక్కి ఈ దారినే మైదానానికి దిగుతాయి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక ప్రావిన్స్‌గా ఏర్పడేదాకా ఈ కొండలు విశాఖపట్నం జిల్లా ఏజెన్సీలో భాగం. కొట్ల ముందు, బస్సుల్లో ఇప్పటికీ తెలుగు వినిపిస్తుంది. అరకు పక్కన కేకే లైన్ మీద 996 మీటర్ల ఎత్తున ఉన్న శిమిలిగూడ రైల్వే స్టేషన్‌తో దీన్ని కలిపేసుకోవద్దు. అది ఆంధ్రలో ఉంది, ఇది కోరాపుట్ జిల్లా పట్టణం.

నోటిఫైడ్ ఏరియా కౌన్సిల్ పాలనలో ఉన్న చిన్న ఊరే. కానీ చుట్టూ ఉన్నవి చిన్నవి కావు. ఆనుకునే ఉన్న సునాబేడలో హిందుస్థాన్ ఏరోనాటిక్స్ వాళ్ల విమాన ఇంజిన్ల ఫ్యాక్టరీ 1964 నుంచి ఉంది. 2009లో ఒడిశా కేంద్రీయ విశ్వవిద్యాలయం వచ్చింది. కాస్త దూరంలో దామన్‌జోడి, అక్కడ నాల్కో అల్యూమినా కర్మాగారం. ఉద్యోగాలు ఉన్న చోటికి అద్దె ఇళ్లు, హాస్టళ్లు, షెడ్లు, కల్యాణ మండపాలు వస్తాయి. రోడ్డుకు దగ్గరగా చదునుగా ఉన్న నేలకు గిరాకీ పెరుగుతుంది. కొండ ప్రాంతంలో అలాంటి నేల దొరికేది గెడ్డ పక్కనే. నీరు నిలవాల్సిన చోటూ, ఇల్లు కట్టుకోవడానికి వీలైన చోటూ ఒకటే కావడం ఇలాంటి పట్టణాలన్నిటికీ ఉన్న అసలు చిక్కు.

గెడ్డే పొలం

ఈ కొండల్లో రైతు నేలను ఎత్తును బట్టి వేరుచేసి చూస్తాడు. కొండవాలు డంగర్. అక్కడ చోళ్లు, సామలు, వలిసెలు. దాని కింద మెరక. ఇంకా దిగితే చదునుగా ఉండే బేడా, అక్కడ వానాకాలం వరి. అన్నిటికంటే అడుగున, రెండు వాలులు కలిసే చోట, పారే గెడ్డలోనే కట్టుకున్న పొలాన్ని ఝోలా అంటారు.

ఝోలా ఒక్క ఏడాదిలో తయారయ్యేది కాదు. గెడ్డకు అడ్డంగా రాళ్లు పేర్చి, మట్టి వేసి ఒక గట్టు కడతారు. వానకు పైనుంచి కొట్టుకొచ్చిన ఒండ్రు ఆ గట్టు వెనక చేరుతుంది. అది చదును అయ్యాక ఒక మడి. దాని కింద ఇంకో గట్టు, ఇంకో మడి. పారే నీటికి పక్క నుంచి సన్నని కాలువ తీసి దారి ఇస్తారు. ఏళ్లు గడిచేసరికి గెడ్డ పొడవునా మెట్లు మెట్లుగా వరిపొలం తయారవుతుంది. దీనికి కొలతలు వేసిన ఇంజినీరు లేడు, టెండర్ లేదు. తాత వేసిన గట్టును తండ్రి ఎత్తు చేశాడు, కొడుకు రాళ్లు సర్దుకున్నాడు.

దగ్గరికి వెళ్లి చూస్తే గానీ ఇందులో ఉన్న నేర్పు తెలియదు. పై మడి నుంచి కింది మడికి నీరు దిగే మడవ జానెడు వెడల్పు ఉంటుందేమో. నీరు పడే చోట నేల గుంత పడకుండా పలకరాయి ఒకటి పరిచి ఉంటుంది. ఆ రాయి మీద పడి నీటి జోరు చచ్చిపోతుంది. మడవను ఎంత మూయాలో, ఎంత తెరవాలో రైతు మట్టిబెడ్డను కాలితో నొక్కి సరిచేస్తాడు. గట్టు వారన ఊట కారే చోట నేల ఎప్పుడూ చిత్తడిగానే ఉంటుంది, అక్కడ పీతల బొరియలు కనిపిస్తాయి. జనవరి, ఫిబ్రవరి నెలల్లో డంగర్ ఎండిపోయి ఎర్రమట్టి తేలాక కూడా ఈ మెట్ల మీద రెండో పంట వరి పచ్చగా ఉంటుంది.

ఈ ప్రాంతంలో ఏటా సగటున 1,500 మిల్లీమీటర్లకు పైగా వాన పడుతుంది. అందులో ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబరు దాకా నాలుగు నెలల్లోనే. వాలు నేల మీద అంత వాన పడితే గంటల్లో కిందికి దూకేస్తుంది. ఝోలా ఆ దూకుడును మెట్టుమెట్టుకూ ఆపుతుంది. వరద ఉద్ధృతి తగ్గుతుంది. మట్టి ఎక్కడికక్కడ ఆగిపోతుంది. నిలిచిన నీరు కొంత నేలలోకి ఇంకి, పక్క ఊళ్ల ఊటలనూ బావులనూ బతికిస్తుంది. పైగా అన్నం పెడుతుంది. నగర ప్రణాళికల్లో ఈమధ్య అందరూ మాట్లాడుతున్న బ్లూ-గ్రీన్ ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ చేయాల్సిన పనులు కూడా ఇవే. అక్కడ నీలం అంటే చెరువు, కాలువ, చిత్తడి నేల. పచ్చ అంటే చెట్టు, గడ్డి, పొలం. రెంటినీ విడివిడిగా కాకుండా ఒకే వ్యవస్థగా చూసి, పైపులూ సిమెంటు కాలువలూ చేసే పనిలో వీలైనంత వాటికే అప్పజెప్పాలన్నది ఆ ఆలోచన.

కోరాపుట్ సంప్రదాయ వ్యవసాయాన్ని ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2012లో ప్రపంచ ప్రాధాన్యం గల వ్యవసాయ వారసత్వంగా గుర్తించింది. ఇక్కడి దేశవాళీ వరి వంగడాలు ఒక్కో ఎత్తుకు ఒక్కో రకం. మెరకలో తొందరగా పండేవి, పల్లంలో నీళ్లలో నిలిచేవి. జయపురం దగ్గరి పాత్రపుట్‌లో పుట్టి, వందకు పైగా వరి రకాల విత్తనాలు కాపాడి, 2019లో పద్మశ్రీ అందుకుని, 2024 జులైలో కన్నుమూసిన కమలా పూజారి దాచిపెట్టిన సంపద ఇదే. విత్తనాన్ని దాచుకోవచ్చు, కానీ ఆ విత్తనం వేసుకునే మడి పోతే ఏం చేస్తాం?

ఇదంతా గతం గొప్పలు చెప్పుకోవడానికి రాయడం లేదు. ఝోలాకు కష్టాలున్నాయి. పోడు భూమికి విశ్రాంతి ఇచ్చే కాలం తగ్గిపోయింది, వాలు మీద చెట్టు పలచబడింది. వాలు మీద చెట్టు లేకపోతే ఇసుకా గులకా దిగివచ్చి కింది మడిని కప్పేస్తాయి. పచ్చ పోతే నీలం కూడా నిలవదు. సునాబేడలోనే ఉన్న భారత మృత్తికా, జల సంరక్షణ సంస్థ పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలు ఈ సంగతి మీద ఏళ్ల తరబడి పనిచేశారు. వాలుకు అడ్డంగా కందకం, గట్టు వేసి, గట్టు మీద సంబుటా గడ్డి, వట్టివేరు లాంటివి నాటితే మట్టి ఆగుతుందని చూపించారు. ఝోలాలో చిన్న కుండీ తవ్వి, అందులో ఊరిన నీటిని పక్క మెరకలో కూరగాయలకు వాడుకునే పద్ధతిని ఝోలా కుండీ పేరుతో ప్రచారంలోకి తెచ్చారు. సెమిలిగుడలో ఒడిశా వ్యవసాయ విశ్వవిద్యాలయం ప్రాంతీయ పరిశోధన కేంద్రం ఉంది. అంటే సలహా కోసం ఈ పట్టణం భువనేశ్వర్ దాకా వెళ్లక్కర్లేదు.

డాబా మీద వాన

పట్టణం పెరిగితే నీటికి ఏమవుతుందో లెక్క వేసుకుంటే కళ్లు తెరుచుకుంటాయి. ఎకరం నేల మీద 50 మిల్లీమీటర్ల వాన పడితే అది రెండు లక్షల లీటర్ల నీరు. ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు నలభై. ఆ ఎకరం పొలమైతే అందులో చాలా భాగం అక్కడే ఆగుతుంది. అదే ఎకరం డాబాలు, సిమెంటు రోడ్డు అయితే ఇంచుమించు మొత్తం నలభై ట్యాంకర్లూ గంటా రెండు గంటల్లో ఒకే కాలువలోకి దూకుతాయి. కాలువలో ప్లాస్టిక్ సంచులు, థర్మోకోల్ ప్లేట్లు, మట్టి. కల్వర్టు దగ్గర అవన్నీ అడ్డం పడితే నీరు రోడ్డెక్కుతుంది. జనం కాలువ చిన్నదైందంటారు. కౌన్సిల్ ఇంకా పెద్ద కాలువ కడుతుంది. పెద్ద కాలువ నీటిని ఇంకా వేగంగా కింది ఊరి మీదికి తోస్తుంది.

ఇంకో వైపు చూడండి. వెయ్యి చదరపు అడుగుల డాబా మీద ఇక్కడ ఏడాదిలో పడే వాన దాదాపు లక్షా నలభై వేల లీటర్లు. అయినా వేసవిలో కొండ ఊళ్లలో బిందెల వరస తప్పదు. ఒకే ఇంటికి జులైలో నీళ్లు ఎక్కువయ్యాయన్న గొడవ, ఏప్రిల్‌లో నీళ్లు లేవన్న గొడవ. రెంటికీ కారణం నీటిని ఆపే చోటు లేకపోవడమే.

గెడ్డను పూడ్చి ఇల్లు కట్టిన మనిషి చెడ్డవాడేమీ కాదు. అతనికి అది మిగిలిన చౌక స్థలం. కానీ కింద ఊట ఆగదు. ఏళ్ల తర్వాత గోడలకు చెమ్మ, గచ్చు కుంగడం, పెద్ద వానకు పెరట్లోంచి నీరు రావడం మొదలవుతాయి. ఊళ్లో ఆ ముక్క చెప్పే ముసలివాళ్లు ఉంటారు, వాళ్లను అడిగేవాళ్లు ఉండరు.

చైనా రైతుబిడ్డ, డెన్మార్క్ కుండపోత

నగరం వాననీటిని స్పాంజ్‌లా పీల్చి నిలుపుకోవాలన్న స్పాంజ్ సిటీ ఆలోచనకు ప్రపంచంలో బాగా ప్రచారం తెచ్చిన వాడు చైనా ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్ట్ యూ కోంగ్‌జియాన్. జెజియాంగ్ రాష్ట్రంలో ఒక పల్లెటూరి రైతు కుటుంబంలో పుట్టాడు. పొలం గట్లు, కుంటలు, వాగు ఒడ్డు చెట్లు వరదను ఎలా మింగేస్తాయో చిన్నప్పుడే చూశాడు. పెద్ద చదువులు చదివి వచ్చి, నదులను సిమెంటు గోడల మధ్య బంధిస్తున్న నగరాలతో ఏళ్ల తరబడి వాదించాడు. 2015లో చైనా ప్రభుత్వం 16 నగరాల్లో ప్రయోగాత్మకంగా స్పాంజ్ సిటీలు మొదలుపెట్టింది. అన్నీ ఆశించినంత ఫలించలేదు, కుండపోతకు కొన్ని మునిగాయి కూడా. అయినా ఆ మనిషి పట్టుకున్న సూత్రం తప్పని ఎవరూ నిరూపించలేదు. 2025 సెప్టెంబరులో బ్రెజిల్ చిత్తడి నేలల మీద జరిగిన విమాన ప్రమాదంలో ఆయన చనిపోయాడు. ఆయన ఊరి గట్లకూ సెమిలిగుడ గట్లకూ తేడా పెద్దగా లేదని నా నమ్మకం. ఆయన మాటను వాళ్ల ప్రభుత్వం విన్నది, మన గట్ల గురించి చెప్పేవాడి మాట మనం ఇంకా వినలేదు.

కోపెన్‌హాగన్‌లో 2011 జులై 2న రెండు గంటల్లో 150 మిల్లీమీటర్ల దాకా వాన కురిసింది. నగరంలో ఎన్నో నేలమాళిగలు నీళ్లతో నిండిపోయాయి. మరుసటి ఏడాదికల్లా వాళ్లు కుండపోత ప్రణాళిక తయారు చేసుకున్నారు. పెద్ద పైపులు వేయడం కన్నా పార్కులను, కూడళ్లను నీళ్లు పట్టేలా పల్లంగా మార్చడం చౌక అని లెక్క తేల్చారు. సింగపూర్‌లో బిషాన్ పార్కు పక్కన కల్లాంగ్ నది తిన్నని సిమెంటు కాలువలా ఉండేది. 2012 నాటికి ఆ సిమెంటు పగలగొట్టి సుమారు మూడు కిలోమీటర్ల మేర మెలికలు తిరిగే నదిగా మళ్లీ చేశారు. ఒడ్డున గడ్డి, మొక్కలు. వాన లేనప్పుడు పిల్లలు ఆడుకునే చోటే వాన వచ్చినప్పుడు నదికి విడిచిన చోటు.

ఆ నగరాలు ముందు సిమెంటు పోసి, తర్వాత పగలగొట్టాయి. రెండుసార్లు ఖర్చు. సెమిలిగుడకు ఆ మొదటి ఖర్చే అవసరం లేదు.

మనం చేసిన తప్పులు

తెలుగువాళ్లం ఈ పాఠం నేర్చుకోలేదని కాదు, నేర్చుకుని మర్చిపోయాం. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద హైదరాబాద్‌ను ముంచి వేల మందిని బలి తీసుకుంది. మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో ఎగువన 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ వచ్చాయి. వాటి చుట్టూ పెద్ద కట్టడాలు రాకుండా 1996లో 111వ నంబరు జీవో ఇచ్చారు. 84 గ్రామాలు దాని కిందికి వచ్చాయి. 2022లో 69వ నంబరు జీవోతో ఆ ఆంక్షలను సడలించారు. 2020 అక్టోబరులో నగరంలో చెరువుల కింది కాలనీలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. ఆ నీరు వెళ్లింది ఒకప్పటి తన దారిలోకే.

విజయవాడ బుడమేరు కథ ఇంకా దగ్గరది. కొల్లేరుకు పోవాల్సిన వాగు అది. దాని పాత దారిలో ఇళ్లు లేచాయి. 2024 ఆగస్టు ఆఖర్లో ఎడతెగని వానలకు ఎగువన కట్టకు గండ్లు పడ్డాయి. సెప్టెంబరు 1 నుంచి సింగ్‌నగర్, చుట్టుపక్కల కాలనీల్లో లక్షల మంది నీళ్లలో చిక్కుకున్నారు. డాబాల మీద నిలబడి పాల ప్యాకెట్ కోసం చేతులు చాచిన వాళ్లను టీవీల్లో అందరం చూశాం. కృష్ణ అవతల అమరావతిని బ్లూ-గ్రీన్ నగరంగా కడతామని ప్రణాళిక వేశారు. కొండవీటి వాగుకు ఎత్తిపోతల పథకం 2018లో మొదలైంది. అమరావతి కాగితం మీద ఉన్నంత నీలం, పచ్చ నేల మీద కూడా మిగులుతాయా లేదా అన్నది వచ్చే పదేళ్లలో తేలుతుంది. కొత్త రాజధానికి అంత ఆలోచన చేసిన వాళ్లం, పాతిక, ముప్పై వేల జనాభా ఉన్న వందల పట్టణాల గురించి ఆలోచించం. వచ్చే ఇరవై ఏళ్లలో మునిగేవీ, ఎండేవీ అవే.

డబ్బు ఉంది, గీత లేదు

నిధులు లేవన్న మాట ఇక్కడ చెల్లదు. 2021 అక్టోబరు 1న కేంద్రం మొదలుపెట్టిన అమృత్ 2.0 పెద్ద నగరాలకే పరిమితం కాలేదు. చట్టబద్ధమైన పట్టణాలన్నీ దాని కిందికి వస్తాయి. నీటి వనరుల పునరుద్ధరణ, పచ్చటి స్థలాలు కూడా అందులో ఉన్నాయి. ఒడిశా ప్రభుత్వం 2020 ఏప్రిల్‌లో, కరోనా లాక్‌డౌన్ రోజుల్లో, పట్టణ పేదలకు కూలి పని చూపే పథకం తెచ్చింది. తర్వాత దానికి ముక్త అని పేరు పెట్టారు. వాన నీటి గుంతలు, చెరువుల పూడికతీత, కాలువలు, పార్కులు అందులో చేసిన పనులు. ఝోలా గట్టు సరిచేయడానికి కావాల్సింది యంత్రం కాదు, తెలిసిన చెయ్యి. ఆ చేతులు ఈ పట్టణం చుట్టూ ఊళ్లలోనే ఉన్నాయి. వాళ్లకు కూలి ఇచ్చి ఆ పనే చేయిస్తే ఊరికీ మేలు, వాళ్లకూ మేలు.

లేనిది గీత. పట్టణ ప్రణాళిక అంటే మనవాళ్లు మొదట రోడ్డు గీస్తారు. తర్వాత ప్లాట్లు. మిగిలిన వంకర ముక్కలో కాలువ. సెమిలిగుడ లాంటి చోట ఈ వరస తిరగబడాలి. ముందు గెడ్డలూ ఝోలాలూ ఊటలూ మ్యాపులో గీయాలి. వాటికి రెండు వైపులా కట్టడం రాని వెడల్పు తేల్చాలి. ఆ తర్వాత రోడ్డు. పైన వాలు మీద చెట్లు నిలపాల్సిన చోట్లు కూడా అదే కాగితం మీద ఉండాలి. ఈ పని ఊరు చిన్నగా ఉన్నప్పుడు ఒక సర్వేయరు, ఇద్దరు ముసలి రైతులు, ఒక వానాకాలంతో అవుతుంది. ఊరు పెరిగాక ఇదే పనికి బుల్డోజర్లు, కోర్టు కేసులు, కన్నీళ్లు కావాలి.

ఒక న్యాయం మాత్రం మర్చిపోకూడదు. ఝోలా ఊరుమ్మడి ఆస్తి కాదు, రైతుది. అందులోనూ ఎక్కువ మంది గిరిజన రైతులు. పట్టణం మునగకుండా ఉండాలంటే నీ పొలం పొలంగానే ఉంచుకోవాలని అతనికి చెప్పి, పక్కన మెరక అమ్ముకున్నవాడు మేడ కడుతుంటే చూస్తూ ఉండమనడం అన్యాయం. వరద ఆపుతున్నందుకు, నీరు ఇంకిస్తున్నందుకు పట్టణం అతనికి ఏటా కొంత చెల్లించాలి. నీటి పన్నులో, లేఅవుట్ ఫీజులో ఒక వాటా దీనికి కేటాయించవచ్చు. ఆ మడిలో పండిన దేశవాళీ బియ్యాన్ని సునాబేడ, దామన్‌జోడి టౌన్‌షిప్పుల క్యాంటీన్లు మంచి ధరకు కొనవచ్చు. కోరాపుట్ కాలాజీరా బియ్యానికి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, పేరు కొత్తగా తెచ్చుకోవాల్సిన పని లేదు.

చట్టం కొంతవరకు అండగా ఉంది. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో గిరిజనుల భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా ఒడిశాలో 1956 నాటి రెగ్యులేషన్ ఉంది, 2002 సవరణతో అది గట్టిపడింది. 2023 నవంబరులో దాన్ని సడలించాలని మంత్రివర్గం నిర్ణయం తీసుకుని, వ్యతిరేకత రావడంతో ఆపేసింది. ఆ రెగ్యులేషన్ గిరిజనుడి హక్కు కోసం పుట్టింది. పరోక్షంగా అది గెడ్డలకు కూడా కాపలా కాస్తోంది. దాన్ని సడలించాలనే వాళ్లు ఈ లెక్క కూడా చూడాలి.

మురుగు విషయంలో మొహమాటం పనికిరాదు. పట్టణం కాలువ తెచ్చి ఝోలాలో కలిపి, మొక్కలు శుభ్రం చేసేస్తాయని చేతులు దులుపుకుంటే రైతు మడి విషమవుతుంది. సెప్టిక్ ట్యాంకుల మురుగు శుద్ధి వేరుగా జరగాలి. శుద్ధి అయిన నీరే, అదీ చిత్తడి నేల మీదుగా వడకట్టుకున్నాకే, గెడ్డలో కలవాలి.

ఇక మనకేం సంబంధం అనుకునే తెలుగు పాఠకుడికి ఒక మాట. సింకారం కొండల్లో పుట్టే కొలాబ్ నదికి ఈ కొండల నీరు చేరుతుంది. దాని మీద 320 మెగావాట్ల ఎగువ కొలాబ్ జలవిద్యుత్ ప్రాజెక్టు ఉంది. కోరాపుట్, జయపురం పట్టణాలు తాగేది ఆ జలాశయం నీరే. అక్కడి నుంచి అదే నది శబరిగా మారి, చింతూరు మీదుగా వచ్చి కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. ఎగువన వాలు మీద జారిన మట్టి, ఆగకుండా దూకిన వరద చివరికి మన గడపకే వస్తాయి.

మీరున్నది సెమిలిగుడ అయినా, పార్వతీపురం, అరకు, నర్సీపట్నం అయినా చేయాల్సింది ఒకటే. మాస్టర్ ప్లాన్ ముసాయిదా బయటపెట్టినప్పుడు అభ్యంతరాలకు గడువు ఇస్తారు. ఆ గడువులోగా ఆఫీసుకు వెళ్లి మ్యాపు చూపించమనండి. మీ ఊరి గెడ్డ అందులో ఉందో లేదో వెతకండి. లేకపోతే ఊళ్లో పెద్దవాళ్లను వెంటబెట్టుకెళ్లి, దాని దారి ఎటో కాగితం మీద రాసి, రసీదు తీసుకుని రండి.